ఆదివారం బస్సు లేని రోడ్డు

బస్సుల విషయంలో నాకు కొంచెం పొగరుండేది. పుట్టి పెరిగింది హనుమకొండలో. ఇంటర్ నుంచి బీటెక్ దాకా బస్సులోనో షేర్ ఆటోలోనో తప్ప ఇంకోలా ఎక్కడికీ వెళ్ళినదాన్ని కాదు. కిటికీలోంచి చున్నీ వేసి సీటు ఆపడం వచ్చు. కదిలిపోతున్న బస్సు వెంట నాలుగడుగులు పరిగెత్తి కడ్డీ పట్టుకోవడం వచ్చు. ఆటోలో డ్రైవర్ పక్కన సగం సీటు మీద కూర్చుని, మిగతా సగం గాలిలో ఉంచుకుని, ఫోన్‌లో నోట్సు చదువుకోవడం కూడా వచ్చు. కెనడా వస్తున్నప్పుడు చలికి భయపడ్డాను, ఇంగ్లిషుకి భయపడ్డాను, వంటకి మరీ భయపడ్డాను. బస్సుకి భయపడాలన్న ఆలోచనే రాలేదు.

మేం కొందరు తెలుగమ్మాయిలం కెనడాలోనే ఉన్న కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో దిగాం. నా గదిలో నాతోపాటు ఉన్న పిల్లది కడప. నేను వచ్చిన ఏడాది ఏ కాలేజీ చూసినా మన పిల్లలే. పొద్దున కాలేజీకి వెళ్ళే బస్సు కిక్కిరిసిపోయేది. ముందు తలుపు దగ్గర నిలబడ్డవాడు వెనక సీటులో ఉన్నవాడిని "అరేయ్, అసైన్‌మెంట్ పెట్టినవారా?" అని అరిచేవాడు. మధ్యలో ఉన్న తెల్లవాళ్ళు ఆ మాట తమ తల మీంచి వెళ్తుంటే కొంచెం వంగి కూర్చునేవాళ్ళు. ఈ బస్సులో మనిషి నిలబడి ప్రయాణం చేయడం తానెప్పుడూ చూడలేదని ఒక ముసలాయన నాతో అన్నాడు. ఆయన గొంతులో విసుగు లేదు, ఆశ్చర్యమే ఉంది. "జరగండి, ఇంకొంచెం జరగండి" అనే మాట తెలుగులోనూ పంజాబీలోనూ ఇంగ్లిషులోనూ వినపడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే కాలేజీ కంటే ముందు ఆ బస్సే గుర్తుకొస్తుంది. తడి జాకెట్ల వాసన, ఎవరిదో డబ్బాలోంచి నిమ్మకాయ పులిహోర వాసన, ఆవిరి పట్టిన అద్దం మీద ఎవరో వేలితో రాసిన 'అ ఆ'లు. అందులో మళ్ళీ ఒకసారి నిలబడాలనిపిస్తుంది.

చదువుకునే చోటికి బస్సు అలా నిండుగా వెళ్ళేది. పని దొరికే చోటికి మాత్రం అంత తేలిగ్గా వెళ్ళేది కాదు. బస్సు రోడ్డు మీద ఉన్న ప్రతి కాఫీ కొట్టుకీ, ప్రతి సూపర్ మార్కెట్‌కీ మాలాంటి వాళ్ళు రెజ్యూమేలు పట్టుకుని తిరిగారు. వాళ్ళు నవ్వుతూ తీసుకునేవాళ్ళు, అంతే. పనులున్నది ఊరి అంచున. ఫ్యాక్టరీలూ గోడౌన్లూ ఉన్నచోట. అక్కడ ఒక బ్రెడ్డు ఫ్యాక్టరీలో నాకు ఇంటర్వ్యూ వచ్చింది. సూపర్‌వైజర్ పోర్చుగీసావిడ, అమ్మ వయసుది, ముక్కుసూటి మనిషి. నిలబడగలవా, బరువు ఎత్తగలవా అని అడిగి, చివర్న "రావడానికీ పోవడానికీ ఏర్పాటుందా?" అంది. నేను రెప్ప కొట్టకుండా "ఉంది" అన్నాను. ఇంటర్వ్యూకి ఉబర్‌లో వెళ్ళాను కానీ, అంతకుముందే ఫోన్‌లో మ్యాప్ చూసి పెట్టుకున్నాను. రెండు బస్సులు. రెండోది ఆగే ఆఖరి స్టాపు నుంచి ఫ్యాక్టరీ కొంచెమే దూరం.

ఉద్యోగం వచ్చిందని ఇంటికొచ్చి గంతులేస్తుంటే కడప పిల్ల మంచం మీంచి లేవకుండానే అడిగింది.

"యాడుందే ఆ ఫ్యాక్టరీ?"

"ఆఖరి స్టేజీ దిగినంక ఇంకొంచెం ముందుకు."

"ఆ కొంచెం ఎట్ల పోతావు?"

"ఏదో ఒకటి దొరుకుతది తియ్. అంతమంది పనికి పోయే తాన ఆటోలు లేకుంట ఉంటయా?"

అది ఒక్క క్షణం నన్ను చూసి, దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు కోపం వచ్చింది, తర్వాత అర్థమైంది. కెనడాలో ఆటోలుండవని నాకు తెలియక కాదు. మా వైపు బస్సు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మూడు ఆటోలు, ఒక టీ బండీ తప్పకుండా ఉంటాయి. బస్సు దించాక నడిరోడ్డు మీద ఇంకేమీ ఉండదన్న సంగతి నా బుర్రకి ఎప్పుడూ తట్టలేదు. "నీకోసరం పెసల్‌గా ఆటో తెప్పిస్తారులే, ఎనకాల సీటు నాకు ఆపు" అని అది వారం పాటు నన్ను ఏడిపించింది.

మొదటి రోజు ఆఖరి స్టాపులో దిగి చూస్తే ఒక ఇనుప స్తంభం, దానికొక రేకు ముక్క, చుట్టూ మొక్కజొన్న చేను. బస్సు గుండ్రంగా తిరిగి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి రోడ్డుకి ఫుట్‌పాత్ కూడా లేదు. కంకర అంచు మీద, లారీల గాలికి జాకెట్ పట్టుకుంటూ నడవాలి. బరువైన సేఫ్టీ షూస్‌తో ఆ నడక సగం షిఫ్టు చేసినంత పని. నన్ను అన్నిటికంటే మండించింది మాత్రం కార్లు. నా పక్క నుంచే వెళ్ళేవి, నేను వెళ్ళే వైపే వెళ్ళేవి, ఒక్కో కారులో ఒక్కరే మనిషి. అన్ని ఖాళీ సీట్లు అలా వృథాగా పోతుంటే చూడలేకపోయేదాన్ని. మా ఊళ్ళో అయితే ఆ ఒక్క కారులో ఏడుగురం ఎక్కి, ఎనిమిదోవాడిని జరగమనేవాళ్ళం.

గురువారం, శుక్రవారం నా షిఫ్టులు. పొద్దున ఏడింటికి బన్నులు ప్యాక్ చేసే లైను మీద ఉండాలి. మొదటి బస్సు కాస్త నెమ్మదిస్తే చాలు, రెండోది నన్ను వదిలేసి వెళ్ళిపోయేది. తర్వాతి బస్సు వచ్చేసరికి ఫ్యాక్టరీలో బన్నులు ట్రేల నిండా వచ్చేస్తుండేవి. నేను లేని చోట పక్కమ్మాయి ఇద్దరి పనీ చేస్తుండేది. పోర్చుగీసావిడ తిట్టలేదు. ఒకరోజు పక్కకి పిలిచి, "నువ్వు బాగా పనిచేస్తావు. కానీ నువ్వు రాకపోతే లైను ఆగుతుంది. ఇంకోసారి ఆలస్యమైతే నీ పేరు షెడ్యూల్‌లోంచి తీసేయాల్సి వస్తుంది" అంది. మెల్లగా చెప్పిన ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది. ఆ ఉద్యోగం పోతే నేను అద్దె కట్టలేను. నా చదువు కోసం ఇంట్లోవాళ్ళు అప్పటికే చేయగలిగిందంతా చేశారు. ఇంక ఏదీ అడగనని నాకు నేనే ఒట్టు పెట్టుకుని వచ్చాను. ఆ రాత్రి కడప పిల్ల నన్ను ఆటపట్టించలేదు. అన్నం కలిపి నా ముందు పెట్టింది.

ఆ తర్వాతి గురువారమే వర్షమూ మంచూ కలిసి పడ్డాయి. రెండో బస్సు ఎలాగో దొరికింది కానీ అది పాకుతూ వచ్చింది. ఆఖరి స్టాపులో దిగేసరికి నడిచి చేరే సమయం దాటిపోయింది. పరిగెత్తబోయి కంకర మీద జారాను. లేచి నిలబడి, ఏం చేస్తున్నానో ఆలోచించకుండానే, వచ్చే కార్లకి చెయ్యి చాపాను. మన దగ్గర ఆటోని ఆపినట్టు, అరచెయ్యి నేల వైపు తిప్పి, వేళ్ళు కిందికీ పైకీ ఊపుతూ. ఇక్కడివాళ్ళకి ఆ సైగ తెలియదు. లిఫ్టు కావాలంటే బొటనవేలు చూపించాలట, అది నాకు తెలియదు. మెల్లగా వెళ్ళమంటున్నానేమో అనుకుని కార్లన్నీ బుద్ధిగా వేగం తగ్గించి, ముందు జింకేదైనా అడ్డొచ్చిందేమోనని తొంగి చూసి, వెళ్ళిపోయాయి. ఒకాయనైతే కృతజ్ఞతగా చెయ్యి కూడా ఊపాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి నాకు.

ఒక బూడిదరంగు కారు నన్ను దాటి వెళ్ళి, ఠక్కున పక్కకి తీసి ఆగింది. కిటికీ అద్దం దిగింది.

"ఎక్కమ్మా, ఎక్కు! తడిసి ముద్దయిపోయావు. షూస్ సంగతి వదిలెయ్, ముందు ఎక్కు!"

తెలుగు. ఆ రోడ్డు మీద, ఆ వానలో, నోరారా తెలుగు. నేను ఎక్కి తలుపు వేసి, ఇక ఆపుకోలేక ఏడ్చేశాను. ఆవిడ నా వైపు టిష్యూ డబ్బా తోసి, కారు పోనిస్తూ అంది.

"ఆ చెయ్యి చూడగానే తెలిసిపోయింది మనమ్మాయేనని. ఇంకెవరూ అట్లా ఊపరు. ఏ ఊరు?"

"హనుమకొండ, ఆంటీ."

"మాది తెనాలి. మేమూ అట్లాగే ఊపేవాళ్ళం, కాకపోతే రిక్షాలకి. ఎక్కడ దింపాలి?"

ఆంటీ అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందున్న రంగుల ఫ్యాక్టరీలో, ల్యాబ్‌లో పనిచేస్తారు; మెడలో ఆ బ్యాడ్జీ వేలాడుతోంది. అంకుల్‌ది మార్కమ్ అనే ఊళ్ళో ఐటీ ఉద్యోగం. చాలా ఏళ్ళు అమెరికాలో ఉండి ఇటు వచ్చారు. ఇదంతా ఆ కాస్త దూరంలోనే చెప్పేశారు. నేను సమయానికి లైను మీద ఉన్నాను, జుట్టులోంచి నీళ్ళు కారుతూ. పోర్చుగీసావిడ నన్నూ గడియారాన్నీ చూసి, లైను మీద పెట్టుకునే టోపీ ఇచ్చింది.

మర్నాడు శుక్రవారం ఆఖరి స్టాపులో దిగేసరికి ఆ బూడిదరంగు కారు హజార్డ్ లైట్లు వెలిగించుకుని నిలబడి ఉంది. అట్లా మొదలైంది. పెట్రోలు మాట ఎత్తబోతే, "ఆ మాట ఇంకోసారి అంటే ఇక్కడే దింపేస్తా, నడువు" అన్నారు. ఆ బెదిరింపు తప్ప ఆవిడ నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. నాకు ఇప్పటికీ ఆ కారులో పొద్దులు బాగా ఇష్టమైన జ్ఞాపకాలు. సీట్లు వెచ్చగా ఉండేవి. వెనక సీటులో ఎప్పుడూ ఒక కరివేపాకు మొక్క ఉండేదని చెబితే నమ్మరు. ఇంట్లో కిటికీ దగ్గర ఎండ చాలడం లేదని, ల్యాబ్‌లో తన బల్ల పక్కన పెట్టుకోవడానికి తీసుకెళ్ళి, సాయంత్రం తెచ్చుకునేవారు. దానికి సీటు బెల్టు కూడా పెట్టేవారు. నేను దానికి మూడో ప్యాసింజర్ అని పేరు పెట్టాను. "దాన్ని ఏమీ అనకు, నీకంటే ముందు ఎక్కింది" అనేవారు ఆంటీ. మా ఊరి మాటలు అడిగి మరీ చెప్పించుకునేవారు. నేను 'తాన' అంటే నవ్వేవారు, ఆవిడ 'అట్లాగా' అంటే నేను నవ్వేదాన్ని. కొన్నాళ్ళకి నేను 'అట్లాగా' అనడం, ఆవిడ 'గట్లనా' అనడం మొదలైంది.

చలికాలం ముదిరాక రోడ్డు అంచంతా మంచు కుప్పలే. నడవడానికి చోటే లేదు. షిఫ్టు అయ్యాక లైను మీదివాళ్ళు ఎవరో ఒకరు స్టాపు దాకా దింపేవాళ్ళు కానీ, పొద్దున ఆంటీ లేకపోతే నా గతేమిటా అని ప్రతి గురువారం అనుకునేదాన్ని. అప్పుడే ఫ్యాక్టరీలో కొత్త షెడ్యూల్ వచ్చింది. సోమవారం కొట్లకి వెళ్ళే బ్రెడ్డు ఆదివారమే తయారవ్వాలి కాబట్టి, ఆదివారం కూడా రాగలిగినవాళ్ళనే ఉంచుతామన్నారు. ఆదివారం పొద్దున మా వైపు బస్సే లేదు. మొదటి బస్సు రోడ్డెక్కేసరికి మా షిఫ్టు సగం అయిపోతుంది. చర్చికి వెళ్ళేవాళ్ళకీ షాపింగ్ చేసేవాళ్ళకీ సరిపోయేలా ఎవరో ఆ వేళలు పెట్టినట్టున్నారు. ఆదివారం పొద్దున్నే రొట్టె ఎవరు కాలుస్తారో వాళ్ళకి తట్టలేదు. పోర్చుగీసావిడకి జవాబు చెప్పడానికి రెండు రోజులు గడువు అడిగాను.

ఆంటీకి చెప్పకూడదనుకున్నాను. గురువారాలూ శుక్రవారాలూ ఆవిడ వెళ్ళే దారిలోనే నేనుంటాను, అది వేరు. ఆదివారం మనిషి నిద్ర పాడుచేసే హక్కు నాకెక్కడిది? కానీ మొహంలో బాధ దాచుకోవడం నాకు చేతకాదు. కారులో రెండు నిమిషాలు మాట్లాడకుండా కూర్చునేసరికే ఆంటీ అడిగారు, నేను చెప్పేశాను.

"ఓస్, ఇంతేనా! నాకూ ఆదివారం ఓవర్‌టైమ్ ఇచ్చారు. ఎట్లాగూ వస్తున్నా. బస్సు లేదుగా, మీ ఇంటి దగ్గరికే వచ్చేస్తా."

"నిజమా ఆంటీ?"

"అబద్ధాలు చెప్పే వయసా నాది?"

ఆ సాయంత్రం కడప పిల్లనీ నన్నూ పట్టుకోవడానికి ఎవరూ లేరు. బేస్‌మెంట్‌లో స్పీకర్ పెట్టి ఎగిరాం, పైనుంచి ఇంటి ఓనరు నేల మీద తన్నేదాకా.

చలికాలమంతా ఆదివారం పొద్దున ఆంటీ మా వాకిట్లో హారన్ కొట్టకుండా, లైట్లు ఒకసారి ఆర్పి వెలిగించేవారు. ఊరంతా నిద్రలో ఉండేది. మేమిద్దరమే మేలుకుని ఉన్నట్టుండేది. ఆంటీ ఫ్లాస్కులో కాఫీ తెచ్చేవారు. నేను సగం నిద్రలోనే తాగేదాన్ని. ఓవర్‌టైమ్ ఎలా ఉందని అడిగితే, "ఏముందమ్మా, రంగులు ఆరాయా లేదా చూడటమేగా" అనేవారు. పోర్చుగీసావిడ నన్ను ప్యాకింగ్ నుంచి అవెన్ దగ్గరికి మార్చింది. అంటే ఇక నేను నమ్మకస్తురాలినని. రెండో సెమిస్టర్ ఫీజు కట్టాను, నా సంపాదనతో. ఆ రోజు అమ్మకి ఫోన్ చేసి గొప్పలు చెప్పుకున్నాను.

మంచు కరిగి రోడ్డు అంచున కంకర మళ్ళీ కనపడే రోజుల్లో, ఒక శనివారం ఆంటీ నన్నూ కడప పిల్లనీ భోజనానికి పిలిచారు. పప్పుచారు, గుత్తివంకాయ, ఉప్పుమిరపకాయలు. కడప పిల్ల కారం సరిపోలేదని నా చెవిలో అంటూనే మూడుసార్లు వడ్డించుకుంది. ఆంటీవాళ్ళ అమ్మాయి హైస్కూల్లో చదువుతోంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషే. ఆంటీ వంటింట్లో ఉండగా, ఊరికే మాటలు కలపడానికి ఆ అమ్మాయితో అన్నాను.

"పాపం మీ అమ్మకి ఆదివారం కూడా పనే. నీకు బోర్ కొడుతుందేమో కదా?"

ఆ పిల్ల ఫోన్‌లోంచి తలెత్తి, అర్థం కానట్టు చూసింది.

"నో, మామ్ డజన్ట్ వర్క్ సండేస్. ద ల్యాబ్ ఈజ్ క్లోజ్డ్."

అని మళ్ళీ ఫోన్‌లో పడిపోయింది. కడప పిల్ల నా వైపు చూసింది, నేను పళ్ళెం వైపు చూశాను. ఆదివారాలు ఆంటీ మెడలో బ్యాడ్జీ ఉండేది కాదు. వెనక సీటులో కరివేపాకు మొక్కా ఉండేది కాదు. అన్ని నెలలూ ఆ పక్కనే కూర్చుని కాఫీ తాగాను కానీ ఒక్కసారీ ఎందుకని అనుకోలేదు.

ఆ రాత్రంతా మేమిద్దరం వాదులాడుకున్నాం. అడగొద్దంది కడప పిల్ల. "తెలీనట్టే ఉండిపోవే. అడిగినావంటే ఆమె మొగం యాడ పెట్టుకోవాల?" అంది. అడక్కుండా ఉండటం నావల్ల కాదని దానికీ తెలుసు.

తెల్లారి ఆదివారం. లైట్లు ఆరి వెలిగాయి. కారెక్కాను. కాఫీ చేతికిచ్చారు. ఆఖరి స్టాపు దాటి, ఇనుప స్తంభం దాటి, మొక్కజొన్న చేను పక్కకి వచ్చాక అడిగాను.

"ఆంటీ, మీ ల్యాబ్ ఆదివారం బంద్ ఉంటదంట కదా."

ఆంటీ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"దానికి నోరాగదు" అన్నారు, కూతురిని ఉద్దేశించి. ఇంకాస్త దూరం పోయాక మళ్ళీ మాట్లాడారు. "మేం అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. నాకు వర్క్ పర్మిట్ వచ్చిన నెలలోనే ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. కెమిస్ట్రీలో గోల్డ్ మెడల్ అమ్మా నాది, నీకు చెప్పలేదుగా. ఇంట్లో ఒకటే కారు, అది మీ అంకుల్ ఆఫీసుకి వెళ్ళేది, ఇంకో దిక్కుకి. బస్సు లేదు. ఎవర్ని అడగాలో తెలీదు. అడగటానికి సిగ్గు. నేనే ఫోన్ చేసి, రావట్లేదండీ అని చెప్పా."

"తర్వాత, ఆంటీ?"

"తర్వాత ఏముంది, పదేళ్ళు ఇంట్లో. అప్పటికి చదివిందంతా మర్చిపోయా. ఇక్కడికి వచ్చాక మళ్ళీ మొదటినుంచి, సీసాలు కడిగే పనితో మొదలుపెట్టా." ఫ్యాక్టరీ గేటు దగ్గర కారు ఆపి, మొదటిసారి నా వైపు తిరిగారు. "నువ్వు ఆ రోజు నడిరోడ్డు మీద చెయ్యి ఊపావు చూడూ, నాకు ఆ తెగింపు లేకపోయింది. నీ ఉద్యోగం పోతే నేను చూడలేను. అంతే. దిగు, టైమవుతోంది."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. థాంక్స్ అనే మాట ఎంత చిన్నదో ఆ పొద్దున తెలిసింది. ఆవిడ నా చేతిని ఒకసారి నొక్కి, తలుపు వైపు చూపించారు.

దిగి, గేటు దగ్గర నిలబడి వెనక్కి చూశాను. ప్రతి ఆదివారం నన్ను దింపాక ఆ కారు రంగుల ఫ్యాక్టరీ వైపే, ముందుకే వెళ్ళేది. నేను లోపలికి వెళ్ళి తలుపు మూసేదాకా అటే వెళ్ళేది. ఇక ఆ అవసరం లేదు కదా. ఆంటీ నా కళ్ళముందే, ఖాళీ రోడ్డు మీద కారుని నిదానంగా వెనక్కి తిప్పుకుని, ఇంటి దారి పట్టారు.